జిగురుతో పైలం!

అక్కలూ, చెల్లెళ్ళూ! మొన్న మా ఇంట్లో ప్లాస్టిక్ మగ్గు పిడి ఊడింది. క్షణంలో అతికే జిగురు గొట్టం తెప్పించి నొక్కాను. ఎక్కువ కారింది. పాత నూలు గుడ్డతో తుడిచానో లేదో, గుడ్డ చురుక్కుమని కాలి, సన్నగా పొగ లేచింది. వేలు బొబ్బెక్కింది. తప్పు జిగురుది కాదు, నా తెలియనితనానిదే.

మా పెగడపల్లిలో చిన్నప్పుడు పుస్తకాల అట్టలకు మైదా లై, కాకుంటే తుమ్మబంక. సిరిసిల్ల నేత ఇళ్ళల్లో నూలుకు గంజి పెట్టేవారు. వీటిలో నీరు ఆరితేనే పట్టు వస్తుంది. పిల్లల తెల్ల ఫెవికాల్ కూడా అంతే.

ఈ గొట్టంలోది వేరు. దాని పేరు సైనోయాక్రిలేట్. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురి కోసం పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది దొరికింది. ముట్టినదానికల్లా అంటుకుంటోందని అప్పుడు పక్కన పెట్టేశారు. 1958లో జిగురుగా అమ్మకానికి వచ్చింది. గొట్టంలో దాని అణువులు విడి పూలలా ఉంటాయి. కాస్త తడి తగిలితే చాలు, దండలా గుచ్చుకుంటాయి. ఆ దండనే పాలిమర్ అంటారు. గుచ్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. నూలు గుడ్డలో పోగుపోగుకూ తడి ఉంటుంది గనుక అంతా ఒకేసారి గట్టిపడి కాలుతుంది. వేళ్ళు వెంటనే అతుక్కునేదీ చర్మం మీది తడి వల్లనే.

అందుకని ఇవి గుర్తుంచుకోండి:

* ఒక్క చుక్క చాలు. కారితే నూలు గుడ్డతో, దూదితో తుడవకండి.
* వేళ్ళు అతుక్కుంటే గుంజకండి. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, చెంచా కాడతో మెల్లగా విడదీయండి.
* గుడ్డ తగిలి కాలితే చల్లని నీళ్ళు ధారగా పోయండి.
* కంట్లో పడితే గోరువెచ్చని నీళ్ళతో కడగండి. రెప్పలు బలవంతంగా విప్పకండి. తడి గుడ్డ కప్పి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.
* కంటి చుక్కల మందు పక్కన ఈ గొట్టం అస్సలు పెట్టకండి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, చీకట్లో పొరపాటు జరుగుతుంది.
* దెబ్బలకు రాయకండి. ఆసుపత్రిలో గాయాలు అతికించే జిగురు వేరే రకం.

గొట్టం చిన్నదే. పిల్లల కళ్ళు మాత్రం రెండే కదమ్మా! ఈ రోజే మీ ఇంట్లో అది ఎక్కడుందో వెతికి, పై అరలో దాచండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.