టర్బో తర్వాత, ముందు గేర్‌బాక్స్!

అమెరికాలో పాత మస్టాంగ్ కొన్న మన కుర్రాళ్లంతా ముందు టర్బో గురించే అడుగుతారు. గేర్‌బాక్స్ గుర్తొచ్చేది విరిగాకే. 1990ల నాటి 5.0 మస్టాంగ్‌లోని టీ-5 తట్టుకునేది సుమారు 300 పౌండ్-అడుగుల టార్క్. మామూలు టైర్లయితే జారి దెబ్బ తగ్గిస్తాయి. అదే డ్రాగ్ స్లిక్స్ వేసి క్లచ్ ఠక్కున వదిలారా, దెబ్బంతా గేరు పళ్ల మీదే. నా మూడో గేరు పళ్లు రాలింది అలాగే!

ట్రెమెక్ టీకేఎక్స్ 600 దాకా మోస్తుంది. సింక్రోలుంటాయి కాబట్టి ఆఫీసుకీ వెళ్లొచ్చు. అవి తీసేసి డాగ్ రింగులు పెట్టిస్తే గేరు మెరుపులా పడుతుంది గానీ, ట్రాఫిక్‌లో ఠంగుఠంగుమని ప్రాణం తీస్తుంది. పైగా మెల్లగా మారిస్తే డాగ్‌ల అంచులు అరిగిపోతాయి. రోజూ రోడ్డు మీద, నెలకోసారి స్ట్రిప్ మీద (రేసు అక్కడే, రోడ్డు మీద కాదు) తిప్పే బండికి నా ఓటు టీకేఎక్స్‌కే. క్లచ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి మరి.