తాళంచెవి పోతే ఇల్లు పోయినట్టేనా?

కంప్యూటర్‌ మొరాయించింది. మెకానిక్‌ కుర్రాడొచ్చాడు. అటూ ఇటూ నొక్కి చూసి, 'ఫార్మాట్‌ కొట్టాల్సిందే సార్‌... కీ ఉందా?' అన్నాడు.

'ఏం కీ బాబూ?'

'అదే సార్‌, విండోస్‌ది. పాతిక అక్షరాలుంటాయి చూడండి.'

ఇక మొదలు వెతుకులాట. బీరువా పై అర, టీవీ కింద సొరుగు, పిల్లల పాత పుస్తకాల అట్టపెట్టె... మిక్సీ గ్యారంటీ కార్డు దొరికింది, ఎప్పటిదో గ్యాస్‌ రసీదు దొరికింది. కీ మాత్రం దొరకలేదు. చివరికి కుర్రాడే ఓ దారి చూపించాడు. 'పోనీలెండి సార్‌. నా దగ్గర ఒకటుంది, అందరికీ అదే వేస్తున్నా. ఐదొందలివ్వండి చాలు.'

చాలా ఇళ్లలో కథ ఇలాగే ముగుస్తుంది. ఐదొందలకే గండం గట్టెక్కిందని సంతోషిస్తారు కూడా. కానీ చిత్రమేమిటంటే, ఆ కంప్యూటర్‌తోపాటే డబ్బు కట్టి కొన్న అసలు హక్కు అప్పటికీ అలాగే ఉంటుంది. దాన్ని వాడుకోవడం తెలియక, ఎవరిదో తెలియని దానికి మళ్లీ డబ్బు ఇచ్చారన్నమాట!

కీ వేరు... హక్కు వేరు

అద్దె ఇంటి సంగతే తీసుకోండి. ఇంటి యజమానితో ఒప్పందం రాసుకుంటారు, అడ్వాన్సు ఇస్తారు. ఆయన తాళంచెవి ఇస్తాడు. ఆ చెవి ఎక్కడో జారిపోయిందనుకోండి... ఒప్పందం రద్దయిపోదు. ఇంకో తాళంచెవి చేయించుకుంటారు. అలాగే, దారిలో దొరికిన చెవితో ఓ తలుపు తెరుచుకున్నంత మాత్రాన ఆ ఇంట్లో కాపురం పెట్టే హక్కు రాదు.

సాఫ్ట్‌వేర్‌ కూడా అంతే. ప్రొడక్ట్‌ కీ తాళంచెవి. లైసెన్సు ఒప్పందం. డబ్బు పెట్టి కొనేది ఆ ఒప్పందాన్నే.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్‌ చట్టం కంప్యూటర్‌ ప్రోగ్రాంలను కూడా సాహిత్య రచనల కిందే లెక్కగడుతుంది. నవల కొన్నవాళ్లు దాన్ని చదువుకోవచ్చు, కానీ అచ్చు వేయించి అమ్ముకోలేరు కదా! సాఫ్ట్‌వేర్‌కి ఇంకొన్ని షరతులుంటాయి. ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు, ఇంటి పనికా వ్యాపారానికా, ఇంకొకరికి ఇవ్వొచ్చా... ఇవన్నీ లైసెన్సులో రాసి ఉంటాయి. ఇన్‌స్టాల్‌ చేసేటప్పుడు చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేసేది దానికే. చట్టం ఓ వెసులుబాటు కూడా ఇచ్చింది. సక్రమంగా కొన్న సాఫ్ట్‌వేర్‌ పోతుందేమో, పాడైపోతుందేమో అనుకుంటే రక్షణ కోసం ఓ నకలు తీసి దాచుకోవచ్చు. అది నేరం కాదు.

ఒకప్పుడు సీడీ ఒకటి, కీ ఒకటి ఉంటే వీధి వీధంతా ఇన్‌స్టాల్‌ చేసుకునేవారు. 2001లో ఆఫీస్‌ ఎక్స్‌పీ, విండోస్‌ ఎక్స్‌పీలతో యాక్టివేషన్‌ పద్ధతి ఇంటింటికీ వచ్చింది. అప్పటి నుంచి కీ కొట్టినంత మాత్రాన సరిపోదు. అది ఏ కంప్యూటర్‌లో వాడుతున్నారో కంపెనీ సర్వర్‌ దగ్గర నమోదు కావాలి.

ఎక్కడ దాక్కుని ఉంటుంది?

కంప్యూటర్‌ వయసును బట్టి కీ ఉండే చోటు మారుతుంది.

విండోస్‌ ఎక్స్‌పీ, విస్టా, 7 కాలం నాటిదైతే క్యాబినెట్‌ పక్కన గానీ, ల్యాప్‌టాప్‌ అడుగున గానీ ఓ స్టిక్కర్‌ ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ తీస్తే కనిపిస్తుంది. దుకాణంలో డబ్బాతో కొన్న విండోస్‌ అయితే ఆ డబ్బాలోనే ఉంటుంది.

2012లో విండోస్‌ 8 వచ్చాక స్టిక్కర్‌ మీద కీ అచ్చువేసే పద్ధతి పోయింది. పేరున్న కంపెనీల ల్యాప్‌టాప్‌లలో కీని తయారీలోనే మదర్‌బోర్డులోని చిప్‌లో రాసి పంపుతున్నారు. డిస్కు మార్చినా, ఫార్మాట్‌ కొట్టినా అది చెరిగిపోదు. విండోస్‌ మళ్లీ వేసేటప్పుడు దాన్ని తనంతట తానే చదువుకుంటుంది. అంటే... అసలు వెతకాల్సిన పనే లేదు!

2015లో విండోస్‌ 10తో ఇంకో అడుగు ముందుకు పడింది. డిజిటల్‌ లైసెన్సు వచ్చింది. ఒకసారి యాక్టివేట్‌ అయితే ఆ కంప్యూటర్‌ గుర్తు మైక్రోసాఫ్ట్‌ దగ్గర ఉండిపోతుంది. మళ్లీ ఇన్‌స్టాల్‌ చేసేటప్పుడు కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అన్న వరుస నొక్కి ముందుకెళ్లొచ్చు. ఇంటర్నెట్‌ తగిలించగానే యాక్టివేట్‌ అయిపోతుంది.

అయితే ఓ మెలిక ఉంది. ముందు ఏ రకం విండోస్‌ ఉందో మళ్లీ అదే వేయాలి. మీ లైసెన్సు 'హోం'ది అయితే, మెకానిక్‌ 'ప్రో' వేసి వెళ్లిపోతే అది ఎంతకీ యాక్టివేట్‌ కాదు. 'కీ పనిచేయట్లేదు సార్‌' అనే కేసుల్లో ఈ పొరపాటు కూడా ఉంటుంది. అందుకే ఫార్మాట్‌కి ముందే సెట్టింగ్స్‌ తెరిచి యాక్టివేషన్‌ పేజీ చూడండి. హోమా ప్రోనా, డిజిటల్‌ లైసెన్సు ఉందా, అది మైక్రోసాఫ్ట్‌ ఖాతాకి ముడిపడి ఉందా అన్నవి అక్కడే కనిపిస్తాయి. ఆ పేజీని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. ఖాతాకి ముడిపెట్టి ఉంటే, రేపు మదర్‌బోర్డులాంటివి మార్చినా 'ఇటీవల హార్డ్‌వేర్‌ మార్చాను' అని చెప్పి లైసెన్సు తిరిగి తెచ్చుకునే ప్రయత్నం చేయొచ్చు.

కంప్యూటర్‌లోంచి కీని బయటికి తీసి చూపించే చిన్న ప్రోగ్రాంలూ ఉన్నాయి. కానీ వాటిని గుడ్డిగా నమ్మకూడదు. కంపెనీ వేసి ఇచ్చిన విండోస్‌ 7లో అవి చూపించేది తయారీదారు ఒకేసారి వేల కంప్యూటర్లకు వాడిన ఉమ్మడి కీ. స్టిక్కర్‌ మీదున్నదే మీ సొంతది. డిజిటల్‌ లైసెన్సు ఉన్న కంప్యూటర్లలోనూ అంతే, కనిపించేది అందరికీ ఒకటే అయిన కీ కావచ్చు. దాన్ని డైరీలో రాసుకున్నా ఉపయోగం ఉండదు.

మాసిపోయిన అక్షరాలు

స్టిక్కర్‌ దొరికింది... కానీ సగం చెరిగిపోయింది. అది సున్నానా, ఓ నా? ఒకటా, ఐ నా? ఇక్కడో చిట్కా ఉంది. విండోస్‌ కీలలో ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అచ్చులు ఉండవు. ఎల్‌, ఎస్‌, జెడ్‌ అక్షరాలూ ఉండవు. అంకెల్లో 0, 1, 5 వాడరు. చూడ్డానికి ఒకేలా ఉండి తికమకపెట్టేవాటిని ఇలా చాలావరకు పక్కన పెట్టేశారు. కాబట్టి ఐదులా కనిపిస్తున్నది ఐదు కాదు, బహుశా 6 అయి ఉంటుంది. సున్నాలా ఉన్నది క్యూ గానీ, డి గానీ కావచ్చు. 8, బి మాత్రం రెండూ ఉంటాయి. అక్కడ రెండింటినీ వేసి చూడక తప్పదు.

మూడు రకాల ఒప్పందాలు

కీ దొరికినా దాన్ని ఎక్కడ వాడుకోవచ్చో లైసెన్సు రకమే చెబుతుంది.

మొదటిది ఓఈఎం. కంప్యూటర్‌తో పాటే వచ్చేది. ఇది ఆ కంప్యూటర్‌తోనే పుట్టి ఆ కంప్యూటర్‌తోనే పోతుంది. పాత ల్యాప్‌టాప్‌ కీ కొత్తదానికి పెట్టుకోవడం కుదరదు. మదర్‌బోర్డు చెడిపోయి తయారీ కంపెనీయే మార్చి ఇస్తే ఫరవాలేదు. మనమే ఇంకా మంచిది కావాలని మార్చుకుంటే మాత్రం దాన్ని కొత్త కంప్యూటర్‌గా లెక్కేస్తారు. సెకండ్‌హ్యాండ్‌ ల్యాప్‌టాప్‌ కొన్నవారికి విండోస్‌ దాంతోపాటే వస్తుంది.

రెండోది రిటైల్‌. విడిగా కొన్నది. పాత కంప్యూటర్‌లోంచి తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు. ఒకేసారి రెండింటిలో మాత్రం కాదు. సికింద్రాబాద్‌ సీటీసీలాంటి చోట విడిభాగాలు కొని కంప్యూటర్‌ అసెంబుల్‌ చేయించుకునేవారు బిల్లులో విండోస్‌ ఉందో లేదో, ఉంటే ఏ రకమో అడిగి రాయించుకోవాలి. బిల్లులో లేదంటే దానికి డబ్బు కట్టనట్టే.

మూడోది వాల్యూమ్‌. కాలేజీలు, కంపెనీలు వందల కంప్యూటర్లకు కలిపి తీసుకునేది. ఇంటికి తెచ్చుకునేది కాదు.

విండోస్‌ 7 కీతో ఉచితంగా విండోస్‌ 10కి మారిపోవచ్చని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ఆ ఆఫర్‌ 2016 జులై 29తో ముగిసింది. ఆ తర్వాత కూడా దొడ్డిదారిన పనిచేస్తూ వచ్చింది గానీ, 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్‌ దాన్నీ మూసేసింది. విండోస్‌ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

ఆఫీస్‌, ట్యాలీల సంగతి...

ఆఫీస్‌ 2013 నుంచి కంప్యూటర్‌లో మిగిలేది కీలోని చివరి 5 అక్షరాలే. మొత్తం కీని ఏ ప్రోగ్రామూ వెలికి తీయలేదు. కానీ కొన్నప్పుడు ఏ మైక్రోసాఫ్ట్‌ ఖాతాతో నమోదు చేశారో అందులోకి వెళ్తే ఆఫీస్‌ అక్కడే కనిపిస్తుంది, మళ్లీ దించుకోవచ్చు. 'హోం అండ్‌ స్టూడెంట్‌' పేరుతో వచ్చిన ప్యాకేజీలు ఇంటికీ చదువుకీ ఉద్దేశించినవి, కొట్టు లెక్కలకు కాదు. మైక్రోసాఫ్ట్‌ 365 లాంటి చందా పద్ధతిలో అయితే దాచుకోవడానికి కీ అంటూ ఉండదు. చందా కట్టినన్నాళ్లే. ఆపేస్తే పాత ఫైళ్లు తెరిచి చూడొచ్చు గానీ మార్పులు చేయలేరు.

ఊరూరా దుకాణాల్లో వాడే ట్యాలీకి కీలకం సీరియల్‌ నంబరు, నమోదు చేసిన మెయిల్‌ ఐడీ. ఆ రెండూ ఉంటే లైసెన్సును మళ్లీ యాక్టివేట్‌ చేసుకోవచ్చు. వేరే కంప్యూటర్‌లోకి మారాలంటే ముందు పాతదాంట్లో లైసెన్సును 'సరెండర్‌' చేయాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది. కొన్న రోజున హడావిడిలో ఎవరి మెయిల్‌ ఐడీ ఇచ్చారు? గుమాస్తాదా? మెకానిక్‌దా? అమెరికా నుంచి ల్యాప్‌టాప్‌ తెచ్చిచ్చిన అబ్బాయిదా? అతను తెచ్చిన విండోస్‌ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి దానికి ఢోకా లేదు. ఆఫీస్‌ మాత్రం ఖాతా ఎవరిదైతే వారి చేతిలోనే ఉంటుంది. గుమాస్తా ఉద్యోగం మానేసి వెళ్లిపోతే పదేళ్ల లెక్కల సాఫ్ట్‌వేర్‌కి సంబంధించిన ఓటీపీ అతని మెయిల్‌కి వెళ్తుంది. ఖాతా యజమాని పేరుమీదే తెరవాలనేది అందుకే.

ఐదొందల కీ అసలు కథ

చౌకగా దొరికే కీలలో కొన్ని ఏదో సంస్థ తీసుకున్న వాల్యూమ్‌ లైసెన్సు నుంచి బయటికి పొక్కినవి. ఎక్కువ మంది వాడితే కంపెనీ వాటిని నిలిపేస్తుంది. ఇంకో పద్ధతిలో యాక్టివేషన్‌ 180 రోజులకే. సంస్థ సర్వర్‌తో మళ్లీ మళ్లీ ధ్రువీకరించుకుంటేనే కొనసాగుతుంది. 'ఆర్నెల్లు బాగానే ఉంది, తర్వాత ఆగిపోయింది' అనే ఫిర్యాదుకి కారణం ఇదే. ఇక కీ అవసరం లేకుండా చేస్తామనే 'క్రాక్‌' ప్రోగ్రాంలు యాంటీవైరస్‌ ఆపేయమని అడుగుతాయి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొట్టే కంప్యూటర్‌లో కాపలాదారుణ్ని బయటికి పంపి అపరిచితుణ్ని లోపలికి పిలవడమే అది.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. దొంగ నకలని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కాపీరైట్‌ చట్టం 63బి సెక్షన్‌ ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. వ్యాపారానికి, లాభానికి కాకపోతే కోర్టు ప్రత్యేక కారణాలు చూపించి జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. కొనే స్తోమత లేదనుకుంటే దొంగదారి ఒక్కటే గతి కాదు. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్‌ ఉంది. పైసా కట్టనక్కర్లేదు, కీ లేదు, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు.

ఈ కీ ఆ కీ కాదు!

ఒక్కోసారి కంప్యూటర్‌ తెరవగానే నీలం తెర మీద 'రికవరీ కీ' అడుగుతుంది. అది ప్రొడక్ట్‌ కీ కాదు. డిస్కులోని సమాచారానికి బిట్‌లాకర్‌ వేసిన తాళం. 48 అంకెలుంటాయి. సాధారణంగా ఇంటి కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్‌ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. మరో ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి చూసుకోవచ్చు. ఇది తెలియక 'కీ లేదుగా, ఫార్మాట్‌ కొట్టేయ్‌' అంటే పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ పోతాయి. ప్రొడక్ట్‌ కీ పోతే మహా అయితే డబ్బు పోతుంది. రికవరీ కీ పోతే జ్ఞాపకాలు పోతాయి. కంప్యూటర్‌ బాగున్న రోజునే ఆ 48 అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

డైరీలో ఒక్క పేజీ

పాలు, పేపరు లెక్కలు రాసే డైరీలో ఓ పేజీ దీనికి కేటాయిస్తే చాలు. సాఫ్ట్‌వేర్‌ పేరు, హోమా ప్రోనా, కొన్న తేదీ, దుకాణం, బిల్లు నంబరు, ఏ మెయిల్‌ ఐడీతో నమోదు చేశారు, కీ ఉంటే కీ. పాస్‌వర్డ్‌ మాత్రం అదే పేజీలో రాయొద్దు. బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్లకు మాసిపోతాయి కాబట్టి బిల్లునీ, స్టిక్కర్‌నీ ఫొటో తీసి సొంత మెయిల్‌కి పంపుకోవాలి. ఆ ఫొటోని వాట్సాప్‌ గ్రూపుల్లో పెట్టడం మాత్రం తాళంచెవిని వీధి అరుగు మీద వదిలేసి రావడమే!

కీ నిజంగానే పోయి కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్‌ చేస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కొన్న రుజువు ఉందా అనే. ఆ పేజీ ఉన్నవాళ్లకు జవాబు సిద్ధంగా ఉంటుంది.