నొప్పిని నడవడిగా ఎంచరాదు

మాట రాని ఆటిజం బిడ్డ అర్ధరాత్రివేళ లేచి, మంచపు పట్టెకు పొట్టను అదిమిపెట్టి, తన చేయి తానే కొరుకుకొనుచు పెడబొబ్బలు పెట్టునప్పుడు, పొట్టపై చేయి వేసియైన చూడక, "ఈ పిల్లలింతే" యని నిద్రమందు వ్రాసి పంపుట వైద్యధర్మము గాదు. ఆ పెడబొబ్బ మొండితనము కాకపోవచ్చును. నాలుగు దినములుగా విరేచనము కాక పడుచున్న బాధ కావచ్చును. ఆటిజం గలవారి జీర్ణకోశ బాధను వేరు వ్యాధిగా గుర్తించి, అందరి బిడ్డలకు వలెనే పరీక్షించి చికిత్స చేసి తీరవలెనని మా నిశ్చితాభిప్రాయము.

దీనికి ఆధారములు కొరవడలేదు. తక్కిన బాలలకన్న ఈ బాలలకు జీర్ణకోశ బాధలు కలుగు అవకాశము నాలుగు రెట్లకు పైబడి యున్నదని 2014లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వెలువడిన సమీక్ష తేల్చినది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆటిజం గల 120 మందిని పరీక్షింపగా, కడుపు బాధలున్నవారియందు ఒత్తిడివేళ కార్టిసాల్ అను హార్మోను మరింత హెచ్చుగా కనబడినది. భయము గాని, రణగొణధ్వని గాని, దినచర్యలోని ఆకస్మిక వ్యత్యయము గాని బిడ్డను కలచినపుడు, ఆ కలత నాడులద్వారమునను హార్మోనులద్వారమునను ప్రేగులకు ప్రాకి వాని చలనమును మార్చును. రోగనిరోధక కణములలో పెద్దభాగము ప్రేగుల గోడలనే ఆశ్రయించి యుండుటచే, అచ్చటి శోథ మెదడునకు సంకేతములు పంపి నిద్రను, నెమ్మదిని హరింపగలదు. ఏది ముందో, ఏది వెనుకో బిడ్డ బిడ్డకును భేదింపవచ్చును గాని, ఈ చక్రమును ఎచ్చటనో యొకచోట తెంపక తప్పదు.

అంతమాత్రమున కడుపే ఆటిజమునకు మూలమని చాటు వ్యాపారులకు తలయొగ్గరాదు. 12 మంది బిడ్డల ప్రేగువ్యాధిని, ఆటిజమును తట్టు టీకాతో ముడిపెట్టుచు 1998లో 'లాన్సెట్' ప్రకటించిన వేక్‌ఫీల్డ్ వ్యాసము, 2010లో ఉపసంహరింపబడులోపల ఎందరు తలిదండ్రులలో టీకాభీతిని నాటినదో లోకమెరుగును. పాలు, గోధుమ మాన్పించినచో ఆటిజము నయమగునన్న మాటకును దృఢమైన ప్రమాణము లేదు. నాలుగైదు పదార్థములు తప్ప ముట్టని బిడ్డ పళ్లెమునుండి మరి రెండింటిని తొలగించుట ఆ బిడ్డను పస్తు పెట్టుటయే.

మాటలాడలేనివారియందు నడవడిలోని మార్పే జీర్ణకోశ వ్యాధికి ఏకైక చిహ్నము కావచ్చునని 2010లోనే నిపుణుల బృందము హెచ్చరించినది. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించి, చికిత్సలో ప్రాధాన్యమును విధించినది. కావున జిల్లాలలోని సత్వర చికిత్సా కేంద్రములందు, నడవడి హఠాత్తుగా మారిన ప్రతి బిడ్డకును మానసిక ఔషధమునకు ముందే కడుపు పరీక్ష జరుగవలెను. తల్లి వ్రాసి తెచ్చిన మలవిసర్జన, నిద్ర, ఆహార వివరములను వైద్యుడు విధిగా చదువవలెను. పాఠశాలలు శుభ్రమైన మరుగుదొడ్డిని, రొద సోకని గదిని సమకూర్పవలెను. ఇందుకు క్రొత్త చట్టమక్కరలేదు. ఉభయ తెలుగు ప్రభుత్వములు ఈ మేరకు తమ వైద్యశాఖలకు ఆజ్ఞలు వెంటనే జారీ చేయవలెనని కోరుచున్నాము.