అడగకపోయినా చెప్పండి

స్టెంటు వేయించుకున్నవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్రాణరక్షకాలు. అయితే ఆస్పిరిన్ జీర్ణాశయపు రక్షణపొరను బలహీనపరుస్తుంది. దానికి తోడు మోకాళ్ల నొప్పికని మందుల దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి కొని మింగితే కడుపులో పుండుపడి రక్తస్రావం కావచ్చు. మలం తారులా నల్లగా వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అలాగని కడుపుమంటకు భయపడి గుండె మాత్రలను మీరే ఆపకండి. స్టెంటులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. పాంటోప్రజోల్ వంటి రక్షణ మందు అవసరమా అని వైద్యుణ్ణి అడగండి. ఒమిప్రజోల్ క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని తగ్గించగలదు కనుక సొంత ఎంపిక వద్దు.

నా దృష్టిలో తప్పు రోగిది మాత్రమే కాదు. ‘ఇంకేం మందులు వాడుతున్నారు?’ అని అడగని దుకాణదారుదీ, మా వైద్యులదీ కూడా. మేము అడగకపోయినా మీరు చెప్పండి.