వేగము వేరు, లయ వేరు

కర్మాగారములో యంత్రమెంత వేగముగా తిరిగిన అంత లాభమని లోకము తలచును. ఈ తలంపులో సత్యము సగమే. పనివేగమును నిర్ణయింపవలసినది యజమాని ఆశయా, కార్మికుని అలసటయా, లేక ఆ వస్తువు కావలసినవారి అవసరమా? ఇరువదవ శతాబ్దపు పరిశ్రమలు ఈ ప్రశ్నకు పలువిధముల సమాధానము చెప్పినవి.

1913లో అమెరికాలోని హైలండ్ పార్కు కర్మాగారమున హెన్రీ ఫోర్డు కదలెడి వరుసను ప్రవేశపెట్టెను. అంతకుముందు ఒక కారు చట్రమును కూర్చుటకు 12 గంటలకు పైగా పట్టుచుండెను. మరుసటి సంవత్సరమునకు అది సుమారు 93 నిమిషములకు తగ్గెను. అద్భుతమే! కాని ఆ వరుసకడ నిలువలేక పనివారు గుంపులుగా మానివేయసాగిరి. వారిని నిలుపుకొనుటకై 1914లో దినవేతనమును అయిదు డాలర్లకు పెంచవలసివచ్చెను. 1936లో వచ్చిన 'మోడరన్ టైమ్స్' చిత్రమున మరలు బిగించి బిగించి మతిచలించిన చాప్లినును చూచి లోకము నవ్వెను. ఆ నవ్వు వెనుకనున్నది ఈ బాధయే.

రెండవ ప్రపంచయుద్ధానంతరము జపానులో టొయోటా సంస్థ ఇంజనీరు తయిచి ఓనో వేరొక త్రోవ త్రొక్కెను. ఆ పద్ధతిలో ముఖ్యమైన మాట 'టాక్ట్'. ఇది సంగీతమున తాళగతిని తెలుపు జర్మను పదము. లెక్క మిక్కిలి సులభము. దినమున పనికి లభించు కాలము 450 నిమిషములు, కొనువారికి కావలసినవి 225 వస్తువులు అనుకొందము. రెండు నిమిషములకొకటి తయారు కావలెను. అంతకన్న ఆలస్యమైన కొనువాడు వేచియుండును. అంతకన్న త్వరపడిన సరకు గిడ్డంగిలో పేరుకొనును. అవసరమునకు మించిన ఉత్పత్తియే వ్యర్థములన్నిటిలో పెద్దదని ఓనో మతము. కుందేలుకన్న తాబేలు మేలని ఆయన వ్రాసినది ఇందులకే. కాలప్రమాణము తప్పని గాయకుని విలువ మనవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ లయకు తోడుగా మరియొక నియమము కలదు. దారము తెగినంతనే తనంతట నిలిచిపోవు మగ్గమును సకిచి టొయోడా 1924లో రూపొందించెను. ఆ సూత్రమునే కార్ల వరుసకు అన్వయించి, లోపము కనబడినపుడు త్రాడులాగి పనిని ఆపు అధికారమును సామాన్య కార్మికునికిచ్చిరి.

అయినను ఈ పద్ధతియు నిర్దోషము కాదు. 1972లో సతోషి కమతా అను రచయిత టొయోటాలో తాత్కాలిక కార్మికుడుగా చేరి, ఆ వరుసలో పనివారి శరీరములు నలిగిన తీరును మరుసటి సంవత్సరము గ్రంథముగా ప్రకటించెను. గిరాకి పెరిగినపుడు లెక్కలో నిమిషములు తగ్గును; మనుష్యునికి చేతులు మాత్రము పెరుగవు. అప్పుడు చేయవలసినది మరికొందరిని చేర్చుకొని పనిని పంచుట. అది మాని గడియారమును మాత్రము కుదించినచో, లయ పేరుతో మిగులునది కొరడాయే.

కావున ఏ కర్మాగారపు లయనైనను రెండు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ఆ గతిలో పనివాడు ఆరోగ్యము చెడక ఏండ్లతరబడి నిలువగలడా? తప్పు కనబడినపుడు భయములేక త్రాడు లాగగలడా? ఈ రెంటికిని అవునను సమాధానము రానిచో ఆ లెక్క తప్పినట్లే.

కాలమును వస్తువుల సంఖ్యచే భాగించుట అయిదవ తరగతి బాలుడును చేయగలడు. ఆ భాగఫలము మనుష్యుని శక్తికి లోబడియున్నదా యని అడుగుటయే విద్యకు ప్రయోజనము.