పిల్లలను తీసుకెళ్తే చాలదు.. చూపించాలి!

శంషాబాద్: విజ్ఞానయాత్ర అనగానే శంషాబాద్ పరిసరాల పాఠశాలల బస్సులు పట్టే దారులు దాదాపు ఖాయమైపోయాయి. జూపార్కు, గోల్కొండ, బిర్లా ప్లానెటోరియం.. 2022 ఫిబ్రవరిలో ఆవిష్కృతమైన తర్వాత ముచ్చింతల్‌లోని 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం. ఈ జాబితాలో నేటి చిత్రకళా ప్రదర్శనకు చోటు దొరకడం అరుదు. ఒకవేళ దొరికినా ప్రణాళిక అంతా బస్సు చుట్టూ, భోజనం చుట్టూ తిరుగుతుంది. బొమ్మ ముందు నిలబడిన విద్యార్థి ఏం చూడాలి, ఏం అడగాలి అన్న ఆలోచన మాత్రం ఎవరికీ పట్టడం లేదు. వరుసలో లోపలికి వెళ్లి వరుసలోనే బయటికి వచ్చే యాత్ర వల్ల పిల్లలకు మిగిలేది అలసటే.

దూరం సాకు కాదు
నగరంలోని ప్రదర్శనలు ఇక్కడి పిల్లలకు అందనంత దూరంలో ఏమీ లేవు. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంత రహదారుల రూపురేఖలే మారిపోయాయి. అదే ఏడాది చివర్లో ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం అందుబాటులోకి వచ్చింది. ఆ దారిన మాదాపూర్ కావూరిహిల్స్‌లోని రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ సుమారు ముప్పై కిలోమీటర్లు. చిత్ర, శిల్ప ప్రదర్శనలతో పాటు 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌కూ ఆ గ్యాలరీ వేదికైంది. ఇటు ఆరాంఘర్ మీదుగా వెళ్తే దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియం ఇంకా దగ్గర. ఆరాంఘర్–జూపార్కు పైవంతెన 2025 జనవరిలో ప్రారంభం కావడంతో ఆ దారిలో చిక్కులు కొంత తగ్గాయి. ఏటా జూపార్కు వరకు వెళ్లే బస్సు మరికొంత ముందుకు సాగితే మ్యూజియం వస్తుంది. రవివర్మ వంటి చిత్రకారుల రచనలు అక్కడ ఉన్నాయి. ఆధునిక చిత్రకళకు అది తొలిమెట్టుగా ఉపకరిస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?
కళను చదువుకు అదనపు అలంకారంగా చూసే ధోరణి పోవాలని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం–2005 స్పష్టం చేసింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం మరో అడుగు ముందుకేసింది. 6 నుంచి 8 తరగతుల వరకు వంద మందికి మించి పిల్లలున్న పాఠశాలలో కళావిద్యకు పాక్షికకాల బోధకుడు ఉండాలని నిర్దేశించింది. జాతీయ విద్యావిధానం–2020 పుస్తకాల సంచి లేని రోజుల్ని, స్థానిక కళాకారులతో పరిచయాన్ని ప్రస్తావించింది. అయితే డ్రాయింగ్ మాస్టారు లేని పాఠశాలలో ఈ బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంది. తెలుగు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ముందుకు వస్తే ఈ లోటు కొంతైనా తీరుతుంది. బొమ్మను వర్ణించడం భాషాపాఠం, అందులోని ఊరిని గుర్తించడం సాంఘికపాఠం.

ముందు పెద్దలు చూసి రావాలి
విద్యార్థులను తీసుకెళ్లే ముందు ఉపాధ్యాయులు ఒకరిద్దరు ప్రదర్శనను స్వయంగా చూసి రావడం తప్పనిసరి. ప్రదర్శనలు కొద్దిరోజులకే మారిపోతుంటాయి. తేదీలు, వేళలు, సెలవు దినం ఫోనులో నిర్ధారించుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ సంగతి తెలియక బయల్దేరితే యాత్ర గేటు దగ్గరే ముగుస్తుంది.

ముందుగా చూడటానికి మరో కారణమూ ఉంది. నేటి కళలో అన్నీ గోడకు వేలాడే బొమ్మలే ఉండవు. పాత ఇనుము, గోనెసంచులు, వీడియోలు, చీకటి గదులు కూడా కళాఖండాలే. దేహచిత్రణ, హింస వంటి అంశాలు కొన్నింటిలో ఎదురవుతాయి. ఏ తరగతికి ఏది తగునో ముందే నిర్ణయించుకుంటే అక్కడికి వెళ్లాక ఉపాధ్యాయుడు తడబడాల్సిన పని ఉండదు. తల్లిదండ్రుల నుంచీ అభ్యంతరాలు రావు.

బస్సు, భోజనం, భద్రత
భద్రత విషయంలో ఉదాసీనత తగదు. 2014 జులై 24న ఉమ్మడి మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో పాఠశాల బస్సును రైలు ఢీకొని చిన్నారులు ప్రాణాలు కోల్పోయారు. బస్సు ఫిట్‌నెస్ పత్రం, డ్రైవరు లైసెన్సు, వెళ్లే దారి.. ఈ మూడింటినీ ప్రధానోపాధ్యాయుడు స్వయంగా పరిశీలించాలి. విద్యాశాఖ అనుమతి, తల్లిదండ్రుల అంగీకారపత్రం, ప్రథమచికిత్స పెట్టె, బాలికల వెంట మహిళా ఉపాధ్యాయురాలు ఉండాలి. నలభై మంది పిల్లలుంటే పదేసి మందికి ఒక పెద్ద చొప్పున నలుగురు అవసరం. బస్సు ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ పేర్లు పిలిచి లెక్క సరిచూసుకోవాలి.

ప్రభుత్వ పాఠశాలలకు మధ్యాహ్న భోజనం మరో సమస్య. వంట చేసేవారితో రెండు రోజుల ముందే మాట్లాడి పులిహోర వంటివి పొట్లాలు కట్టించుకుంటే పిల్లలపై ఖర్చు పడదు. ఖర్చు పెట్టుకోలేక ఒక్క విద్యార్థి ఇంటి దగ్గర ఆగిపోయినా యాత్ర ఉద్దేశమే దెబ్బతింటుంది. పాఠశాల యాజమాన్య కమిటీ ఈ లెక్కను ముందే తేల్చాలి. మాదాపూర్ వైపు వెళ్లేవారు ఉదయం కార్యాలయాల రద్దీ తగ్గాక చేరుకుని, సాయంత్రపు రద్దీ మొదలుకాకముందే తిరుగుముఖం పట్టడం మేలు.

నాలుగు బొమ్మలు చాలు
అసలు పని గ్యాలరీ లోపలే ఉంది. వంద బొమ్మలున్నాయని వందా చూపించే ప్రయత్నం చేస్తే ఒక్కటీ మనసున నిలవదు. నాలుగింటిని ఎంచుకుని ఒక్కోదాని ముందు పది నిమిషాలు ఆగితే మంచి ఫలితం ఉంటుంది. తొలి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత ఉపాధ్యాయుడు అడగాల్సినవి చిన్న ప్రశ్నలే. ఏం కనిపిస్తోంది? ఏ రంగు ఎక్కువగా ఉంది? ఇలాంటిది ఎక్కడైనా చూశావా? చిత్రకారుడు ఇలా ఎందుకు వేసి ఉంటాడు? ‘అర్థం కాలేదు’ అన్న జవాబు వచ్చినా దాన్ని తప్పుగా లెక్కించకూడదు. ఏది అర్థం కాలేదో చెప్పగలిగితే ఆ విద్యార్థి చూడటం మొదలుపెట్టినట్టే.

ఈ ప్రాంత పిల్లలకు ఆధునిక కళ పరాయిదేమీ కాదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలతో గీసిన మహిళలు మన ఊరి అంగట్లో కనిపించేవారే. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన లక్ష్మాగౌడ్ రేఖల్లోని మేకలు, చెట్లు, పల్లె మనుషులు ఇక్కడివారే. తెలంగాణ ప్రభుత్వం 2014లో స్వీకరించిన రాజముద్రను రూపొందించిన ఏలె లక్ష్మణ్ ఉమ్మడి నల్గొండ జిల్లా కదిరేనిగూడెం వాస్తవ్యుడు. పల్లెల నుంచి వచ్చినవారే గ్యాలరీలకు చేరారని యాత్రకు ముందురోజు తరగతిలో చెబితే, పిల్లలు అద్దాల తలుపుల ముందు బెదరకుండా లోపలికి అడుగుపెడతారు.

తిరిగి వచ్చాక..
యాత్ర ముగిసిన మర్నాడు నివేదిక రాయించి చేతులు దులుపుకోవడం పరిపాటి. దానికి బదులు పిల్లల చేత బొమ్మలు వేయించాలి. దాదాపు 5,500 ఎకరాల్లో వెలసిన విమానాశ్రయం, దాని పక్కనే మారిపోయిన పొలాలు, నెత్తిమీదుగా దిగే విమానాలు, కొత్త కాలనీలు, తాతలు చెప్పే పాత ఊరి కథలు.. నేటి చిత్రకారులు వెతుక్కునే విషయాలన్నీ ఈ పిల్లల ఇంటి ముందే ఉన్నాయి. కేరళలో 2012లో మొదలైన కొచ్చి బినాలే పిల్లల కోసం ప్రత్యేకంగా కళా కార్యక్రమాలు నిర్వహిస్తోంది. మన పాఠశాలలకు అంత హంగు అక్కర్లేదు. వరండాలో తాడు కట్టి, ఆ బొమ్మలను తగిలించి, ఒక్కోదాని కింద వేసినవారి పేరు రాసి, తల్లిదండ్రుల సమావేశం రోజున చూపిస్తే చాలు. తమ బిడ్డ వేసిన బొమ్మ ముందు తల్లిదండ్రులు ఒక్క నిమిషం ఆగినా బస్సు కిరాయి దండగ కాలేదనే చెప్పాలి.

వచ్చే విద్యాసంవత్సరం యాత్రల జాబితా సిద్ధం చేసే ప్రధానోపాధ్యాయులు అందులో ఒక్క కళాప్రదర్శననైనా చేర్చాలి. ఆ పేరు పక్కన బస్సు వేళలతో పాటు, పిల్లలు ఆగి చూడాల్సిన నాలుగు బొమ్మల వివరాలూ రాసుకోవాలి. అప్పుడే అది విజ్ఞానయాత్ర అనిపించుకుంటుంది.