పిరికిది కాదు, కొత్తది

“మొరిగే కుక్క కరవదు” అని సామెత. దీన్ని కట్టినవారు ఎవరో గాని, భయపడిన కుక్కను దగ్గరగా చూసి ఉండరు. మూలకు నక్కి మొరిగే కుక్క, తప్పించుకునే దారి లేదని తోచిన మరుక్షణం కరుస్తుంది. దాని మొరుగుడికి అర్థం “దగ్గరికి రావద్దు” అనే. ఆ మాట మనం వినకపోతే రెండో మాట పళ్లతో చెబుతుంది.

“కుక్క తోక వంకర” అన్నది ఇంకొకటి. మన ఊరకుక్కల్లో చాలావాటి తోక వంకర తిరిగి వీపు మీదికి చుట్టుకొని ఉంటుంది, నిజమే. అయితే ఆ కుక్క బెదిరినప్పుడు చూడండి. వంకర క్షణంలో విప్పుకుంటుంది. తోక కిందికి జారి, వెనక కాళ్ల మధ్యకు దూరి, పొట్టకు అంటుకుంటుంది. తోక వంకర పోదని వాదించే బదులు, అది ఎప్పుడు పోతున్నదో గమనిస్తే మనకు ఎక్కువ సంగతులు తెలుస్తాయి.

ఈ గమనించే పని మీకే ఎందుకు చెబుతున్నానంటే, కుక్కపిల్లను ఇంటికి తెచ్చేది చాలాసార్లు మీ వయసు వాళ్లే. మన కర్నూలు, కడప ప్రాంతాల్లో ఊరకుక్కలు ఎక్కువగా చలికాలంలో పిల్లలు పెడతాయి. గడ్డివాము చాటునో, పాడుబడిన మిద్దె కిందనో నాలుగైదు కూనలు కుయ్ కుయ్ మంటూ ఉంటాయి. సంక్రాంతి సెలవులకు వాటిలో ఒకటి ఎవరో ఒకరి చంకనెక్కి ఇల్లు చేరుతుంది. పట్నాల్లో అయితే ఆ పిల్ల తెల్లటి జులపాలతో, కోసు మూతితో ఉంటుంది. దాన్ని అందరూ పామెరేనియన్ అంటారు. నిజానికి వాటిలో చాలావరకు మన దేశంలోనే స్థిరపడిన ఇండియన్ స్పిట్జ్ జాతివి. పేరు ఏదైనా మొదటి రాత్రి కథ మాత్రం ఒకటే. తిండి ముట్టదు. మంచం కిందికి దూరి బయటికి రాదు. అర్ధరాత్రి సన్నగా ఏడుస్తుంది. ఎవరైనా చెయ్యి చాపితే అక్కడే తడుపుతుంది.

అంతే, ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది. “ఇది పిరికిది” అని ఒకరు, “దీనికి పొగరు” అని ఇంకొకరు. మూడో రోజుకు మెడలో గొలుసు పడుతుంది. నెల తిరిగేలోగా, ఎవరో దాన్ని గోనెసంచిలో వేసి ఊరిబయట వదిలి వస్తారు. నేను ఆ తీర్పును ఒప్పుకోను. ఆ కూన పిరికిదీ కాదు, పొగరుదీ కాదు, ఇంటికి కొత్తది. కొత్తదనం పోవడానికి కొన్నాళ్లు పడుతుంది. ఆ కొన్నాళ్లూ మనం ఏం చేశామన్న దాన్ని బట్టి ఆ కుక్క బతుకు ఉంటుంది.

కొత్త ఇల్లు కుక్కకు ఎలా ఉంటుందో ఊహించాలంటే ముందు కళ్లు మూసుకోండి. మన ముక్కులో వాసనను పట్టే కణాలు 50 లక్షల దాకా ఉంటే, కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే. మీరు ఇంటిని గోడలతో, తలుపులతో గుర్తుపడతారు, అది వాసనలతో గుర్తుపడుతుంది. నిన్నటిదాకా అది తల్లి పొట్ట వాసనలో, తోడబుట్టిన వాటి ఒంటి వాసనలో పడుకుంది. ఈ రోజు ఒక్కసారిగా కిరసనాయిలు, తిరగమోత, చెప్పులు, ఫినాయిలు, పదిమంది మనుషులు. తెలిసిన వాసన ఒక్కటీ లేదు. ఇక చెవుల సంగతి. మనకు సెకనుకు 20 వేల కంపనాల దాకా వినిపిస్తే కుక్కకు సుమారు 45 వేల దాకా వినిపిస్తుంది. మిక్సీ తిరిగినప్పుడు, కుక్కరు ఈల వేసినప్పుడు మనకు వినపడని సన్నటి కీచు కూడా దాని చెవిలో పడుతుంది.

ఇంత కొత్తదనం మీద పడేసరికి మెదడు ప్రమాద సూచన ఇస్తుంది. మూత్రపిండాల దగ్గర ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి హార్మోనులు రక్తంలో కలుస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తం పొట్టను వదిలి కాళ్ల కండరాలకు మళ్లుతుంది. పరుగెత్తవలసి వచ్చినప్పుడు అరిగించుకునే పని ఎవరికి కావాలి? అందుకే అది తిండి ముట్టదు. పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ గొంతు దిగకపోవడం మీకూ అనుభవమే కదా! దాన్ని ఎవరూ మీ పొగరు అనరు.

ఇంకొక ఆనవాలు మన ఇళ్లలో సులభంగా కనిపిస్తుంది. కుక్కకు చెమట ప్రధానంగా పోసేది అరికాళ్లలోనే. భయపడినప్పుడు కూడా అక్కడ తడి ఊరుతుంది. ఇంట్లో నల్లటి కడప బండలు పరిచి ఉంటే కూన నడిచినంత మేరా తడి అడుగులు పడతాయి. చల్లటి గదిలో, నీళ్లు తొక్కకుండానే ఆ అడుగులు పడ్డాయంటే అది బెదిరి ఉన్నట్టే. నాలుక బయటపెట్టి రొప్పడం మాత్రం మన సీమలో నమ్మదగిన గుర్తు కాదు. కర్నూలు ఎండకు ధైర్యంగల కుక్క కూడా రొప్పుతుంది. నీడలో, చల్లటి పూట రొప్పుతుంటేనే భయాన్ని అనుమానించాలి. ఊరికే పెదవులు నాకడం, నిద్ర రాకుండానే ఆవులించడం, చెవులు వెనక్కి అణచడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడడం కూడా ఆ భాషలోవే.

“ఇంత గారాబం ఎందుకు? కష్టపెడితేనే గట్టిపడుతుంది. ఊరకుక్కలకు ఎవరు జోలపాడారు?” అని పెద్దలు అడుగుతారు. గౌరవంగానే జవాబు చెబుదాం. వీధికుక్క తన వీధిలోనే పుట్టింది, అక్కడ దానికి తెలియని వాసన లేదు. ఇంట్లోకి తెచ్చిన కూనతో దానికి పోలికే లేదు. ఇంకొక సంగతి, గట్టిపడినవి అని మనం చూపించే కుక్కలు బతికి బట్టకట్టినవి మాత్రమే. చచ్చిపోయినవి మనకు కనిపించవు కాబట్టి లెక్కలోకి రావు. ఆ లెక్క కట్టినవారు ఉన్నారు. కోల్‌కతా దగ్గర అనిందితా భద్ర, ఆమె శిష్యులు వీధికుక్కల పిల్లలను పుట్టినప్పటి నుంచి కనిపెట్టి చూశారు. 2016లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం ప్రతి 5 పిల్లల్లో సుమారు 4 పెద్దవి కాకుండానే పోయాయి. ఆ చావుల్లో సగానికి పైగా మనుషుల వల్ల జరిగినవే. దీన్ని గట్టిపరచడం అనడానికి నాకు నోరు రాదు.

పూర్వం కుక్కలను ఎవరూ సాకలేదన్న మాటా నిజం కాదు. జర్మనీలో ఒబర్‌కాసెల్ అనేచోట 1914లో రాతిగని కూలీలకు పాత సమాధి ఒకటి బయటపడింది. మన బేతంచెర్ల నాపరాతి గనుల్లాంటి చోటే అనుకోండి. దాంట్లో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు కుక్క ఎముకలు. వయసు సుమారు 14 వేల ఏళ్లు. ఆ కుక్క పళ్లను పరీక్షించి 2018లో శాస్త్రజ్ఞులు చెప్పినదేమిటంటే, అది ఏడు నెలల కూన. చనిపోయే ముందు వారాల తరబడి డిస్టెంపర్ అనే జబ్బుతో తీసుకుంది. మనుషులు శుభ్రం చేసి, నీళ్లు పట్టి సాకకపోతే అన్నాళ్లు బతికేది కాదు. వేటకు పనికిరాని ఒక జబ్బు కూనకు రాతియుగంలో సేవ చేశారన్నమాట!

కూనను ఎప్పుడు తేవాలన్నది కూడా చూసుకోవాలి. కళ్లు తెరిచీ తెరవకముందే, అంటే పదిహేను రోజులకే, ఎత్తుకొచ్చే అలవాటు మనలో ఉంది. “చిన్నప్పుడే అయితే బాగా మాలిమి అవుతుంది” అంటారు. ఇందులో సగమే నిజం. 1961లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని కూనలను ఎత్తయిన కంచె వేసిన పొలంలో తల్లుల దగ్గరే పెంచారు. కొన్నింటిని వేరువేరు వయసుల్లో ఒక్కొక్క వారం మాత్రం మనుషుల దగ్గరికి తెచ్చారు. మరికొన్నింటికి 14 వారాలదాకా మనిషి పొడే తగలనివ్వలేదు. ఈ చివరివి ఆ తరువాత మనుషులను చూసి అడవి జంతువుల్లా బెదిరాయి. మూడో వారం నుంచి మూడో నెల దాకా మనుషుల పరిచయం ఉండాలని దీన్నిబట్టి తేలింది. అలాగని తల్లిని విడదీయమని కాదు. ఎనిమిది వారాలదాకా తల్లి దగ్గరే ఉండనిచ్చి, తల్లి ఒప్పుకుంటే మీరే రోజూ అక్కడికి వెళ్లి కాసేపు కూర్చోండి. కరిస్తే ఎంత నొప్పో, ఎంతవరకు ఆటో కూనలు నేర్చుకునేది తోటి కూనలతో పెనుగులాడుతూనే. ఆ బడి మధ్యలో మాన్పించకూడదు.

చదువుకున్నవారిలో మరొక అపోహ ఉంది. కుక్క భయపడినప్పుడు దగ్గరికి తీస్తే ఆ భయాన్ని మెచ్చుకున్నట్టవుతుందట, భయం ముదురుతుందట. దీనికి జవాబు కుక్కల మీద ప్రయోగం కన్నా ముందు ఒక పిల్లవాడి కథలో దొరుకుతుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నవాడి సంగతి ప్రచురించింది. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలును దూరంగా ఉంచేది. వాడు బెదరనంతవరకు కొద్దికొద్దిగా దగ్గరికి జరిపేది. చివరికి వాడు కుందేలును ఒళ్లో పెట్టుకున్నాడు. గంట మోగితే కుక్క నోట లాలాజలం ఊరేలా చేసిన పావ్‌లోవ్‌ను మీరు పాఠంలో చదివే ఉంటారు. సూత్రం అదే. బెదిరించే వస్తువు వెంట మంచిది రావడం అలవాటైతే, భయమున్న చోట ఎదురుచూపు పుడుతుంది. దగ్గరికి తీసినందువల్ల భయం పెరగదు. కూన తనంతట తాను వస్తే దగ్గరికి తీయండి. రానప్పుడు మంచం కింద నుంచి కాలు పట్టి లాగడం మాత్రం ఓదార్పు కాదు.

పీటర్‌కు చేసినది మన ఇంట్లో చేయడానికి ఖర్చేమీ లేదు. రద్దీ లేని మూలలో కోళ్ల గంప ఒకటి పక్కకు పడుకోబెట్టి, లోపల గోనెపట్ట పరవండి. కూనను తెచ్చేరోజున పాత గుడ్డ ఒకటి తీసుకెళ్లి తల్లికీ తోటి కూనలకూ రుద్ది తెచ్చి అందులో వేయండి. ఆ వాసన ఉన్నంతసేపు దానికి ఇల్లు పూర్తిగా పరాయిది కాదు. అది గంపలో ఉన్నప్పుడు ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఈ ఒక్క నియమం చెల్లెళ్ల చేత, తమ్ముళ్ల చేత పాటింపజేయడమే అన్నిటికన్నా కష్టమైన పని! రాత్రి దాన్ని వాకిట్లో కట్టేయకుండా మనుషులు పడుకునే గదిలోనే గంప పెట్టండి. మొదటి రోజుల్లో చూడడానికి వచ్చే బంధువుల జాతర వద్దు. మీరు నేల మీద పక్కకు తిరిగి కూర్చొని, దానివైపు గుచ్చి చూడకుండా పాఠం చదువుకుంటూ ఉంటే, కాసేపటికి మోకాలి దగ్గర తడి ముక్కు తగులుతుంది.

తిండి మెత్తగా, చప్పగా ఉండాలి. కాస్త సంగటి, అన్నం, ఉడికిన గుడ్డు సరిపోతాయి. మన ఇళ్లలో మిగిలిన పులుసు మాత్రం వద్దు. కారం సంగతి అటుంచి, అందులో ఎర్రగడ్డ ఉంటుంది. కర్నూలు ఎర్రగడ్డకు పేరుపడ్డ సీమ కాబట్టి మనం వేయని కూర అరుదు. ఎర్రగడ్డ, తెల్లగడ్డల్లోని గంధకపు రసాయనాలు కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. ఉడికించినా ఆ గుణం పోదు. వేసవిలో ఆరుబయట బండల మీదికి తీసుకెళ్లే ముందు, మీ చెయ్యి వెనక భాగాన్ని బండకు 5 సెకన్లు ఆనించండి. మీరు ఓర్వలేకపోతే దాని అరికాలూ ఓర్వలేదు.

ఇంట్లో తడిపితే ముక్కు పట్టి అందులో రాసే శిక్ష ఒకటి ఉంది. ఇది వట్టి అజ్ఞానం. చేసిన పనికీ ఫలితానికీ మధ్య ఒకటి రెండు సెకన్లు దాటితే కూన ఆ రెండిటినీ ముడిపెట్టలేదు. దానికి అర్థమయ్యేదల్లా ఈ చెయ్యి ప్రమాదమని. ఇక గొలుసు. పొట్టి గొలుసుతో, బరువైన గొలుసుతో అకారణంగా చాలాసేపు కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం కూడా నేరమే. గోనెసంచి ఎత్తే మామయ్యకు ఈ సంగతి మర్యాదగా చెప్పవచ్చు.

చివరగా ఒక గంభీరమైన విషయం. బెదిరిన కూన కరవవచ్చు, ఆటలో పన్ను గీరవచ్చు. “చెబితే కుక్కను పారేస్తారు” అని ఆ గాటును దాచిపెట్టే పిల్లలు ఉంటారు. దయచేసి దాచకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు లేదు. ముందే టీకా వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు. ఆ టీకా 1885 నుంచి, పాశ్చర్ చేతి నుంచి, మనకు ఉంది. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గాటు ఎంత చిన్నదైనా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. పెద్దలకు కూడా నా విన్నపం ఒకటి. గాటు గురించి చెప్పిన పిల్లవాణ్ని తిట్టకండి, కుక్కను పారేస్తామని బెదిరించకండి. తిడితే వాడు రెండోసారి చెప్పడు. కూనను తెచ్చిన వారంలోనే పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత ఏటేటా డాక్టరు చెప్పిన ప్రకారం వేయించాలి. కడప జిల్లావాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది.

ఇంటికి తెచ్చిన రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎన్ని గంటలకు తిన్నది, ఎక్కడ పడుకున్నది, ఏ శబ్దానికి ఉలిక్కిపడింది, తోక ఎక్కడ ఉంది అన్నవి రోజూ నాలుగు ముక్కలు రాయండి. బండల మీద తడి అడుగులు ఏ రోజు నుంచి తగ్గాయో కూడా రాయండి. రెండు కూనలు తెచ్చిన ఇళ్లుంటే ఇద్దరూ మీ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకదానికి నాలుగు రోజులు పట్టినది ఇంకొకదానికి నెల పట్టవచ్చు.